ఇవ్వని చీటీ

నిజామాబాద్,
జూలై 6.

ఉదయా,

నీ కాగితం హన్మవ్వ సోరకాయల నడుమ పెట్టుకొని తెచ్చింది. ఒక మూల తడిసింది గని చదువస్తుంది. పొద్దుగాల బోధన్‌ల ఫస్ట్ బస్సు ఎక్కి, మా గల్లీల కూరగాయల బుట్ట దించి, నీ దోస్తు ఏం రాసిందో సదువు అని కూసుంటది ముసల్ది. ఇనిపిస్తె గని లేవది. నీకేమో చెవులు సక్కగ ఇనరావు, ఉన్నది డబ్బా ఫోను. ఈ కాలంల గిట్ల కాగితాలు రాసుకునేటోళ్లు మనం ఇద్దరమే ఉన్నట్టున్నం.

ఒక ముచ్చట చెప్త, నవ్వకు. ఇంగ్లీషు నేర్చుకుంటున్న. నలభై రెండేండ్లకు, ఆన్‌లైన్ల.

పోయిన నెల హైదరాబాద్ నుంచి అఖిల కాలేజి మేడమ్ ఎవరో ఫోన్ చేసింది. గడగడ ఇంగ్లీషు. నేను యస్ యస్ అనుకుంట మీది పోర్షన్‌ల కిరాయికుండే పిల్లకాడికి ఉరికిన. ఆ పిల్ల మాట్లాడి, అఖిలకు మూడు దినాల నుంచి జ్వరమంట, వచ్చి తీస్కపొమ్మంటున్నరు అని చెప్పింది. నా బిడ్డకు జ్వరమన్న ముచ్చట పరాయి పిల్ల నాకు చెప్పాల్సొచ్చింది. ఆమె చెప్పేదాక నేను ఫోన్‌ల మర్యాదకు నవ్వుకుంటనే ఉన్న, తెలుసా. ఆ దినం మస్కట్‌కు ఫోన్ చేసి మా ఇంటాయన రామ్‌దాస్‌తోని చెప్పుకుంట ఏడ్సిన. ఆయననే అన్నడు, నువ్వే నేర్చుకోరాదు అని.

సవిత మేడమ్ అని, హైదరాబాద్ నుంచి చెప్తది. పొద్దున పదకొండు గంటలకు, అఖిల పాత ట్యాబ్‌ల. నలభై మందిమి ఉంటం గని ఒకల మొఖం ఒకలకు కనవడది. తప్పు మాట్లాడినా నవ్వేటోడు లేడు. మైకు బందు చేస్కొని మేడమ్ అన్న మాటను నేను ఒక్కదాన్నే పదిసార్లు అనుకుంట. రామకోటేశ్వరరావు సార్ ట్యూషన్ షెడ్డుల బెంచి మీద కూసుంటె నా కాళ్లు ఎట్ల వణుకుతుండెనో నీకు ఎరికే. గీడ వణుకుత లేవు.

నీ
స్నేహలత


బోధన్,
జూలై 10.

స్నేహా,

నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వాను. మాస్టారికి చెబితే ఆయనా నవ్వారు, కానీ అది సంతోషంతో. "ఏర్గట్ల నుంచి వచ్చిన పిల్ల, మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేది, చివరి బెంచీ" అని ఇట్టే గుర్తుపట్టారు. ఎనభై దగ్గర పడ్డాయి, ఒక కంట్లో శుక్లం. అయినా పొద్దున్న ఆరింటికల్లా సుద్దముక్క పట్టుకుని షెడ్డులో ఉంటారు. చిన్నపిల్లల్ని ఇప్పుడు నేను చూస్తున్నాను, పద్దెనిమిది మంది.

నీ ఆన్‌లైన్ చదువు నాకు పనికిరాదే. నాకు చెవి సగం, మిగతా సగం పెదాలు చూసి అర్థం చేసుకుంటాను. తెర మీద పెదాలు ఒకప్పుడు కదులుతాయి, మాట ఇంకొకప్పుడు వస్తుంది. అదలా ఉంచు. షెడ్డులో పాఠం అర్థం కాని పిల్ల ఏం చేస్తుందో తెలుసా? గుటక మింగుతుంది. బోర్డు వైపు తిరిగి ఉన్నా సరే, ఎవరు గుటక మింగారో మాస్టారికి తెలిసిపోతుంది. నాకూ ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. నువ్వు మైకు ఆపుకుని, ముఖం దాచుకుని గుటక మింగితే ఎవరికి తెలుస్తుంది? నిన్నెవరూ చూడకపోవడమే హాయిగా ఉందని రాశావు. నాకెందుకో అది చదివితే గుబులుగా అనిపించింది.

మాస్టారు పాత అలవాటు మానలేదు. ఇంటికెళ్ళే ముందు ప్రతి పిల్లా ఆయన్ని ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడగాలి. అడగనివాళ్ళు నిలబడే ఉండాలి. నిన్న ఒక పిల్ల, మీరు చొక్కా ఎందుకు తిరగేసి వేసుకున్నారు అని అడిగింది. ఆయన చూసుకుని, దానికి చాక్లెట్ ఇచ్చి పంపారు. మీ మేడమ్‌ని మీరెవరైనా ఏమైనా అడుగుతారా?

ఉదయ


నిజామాబాద్,
జూలై 29.

ఉదయా,

అడుగుతరు. పక్కన డబ్బాల టైపు చేస్తం. నలభై మందివి లైన్ కడ్తయి, అంతట్ల గంట అయిపోతది. నేనైతె ఇంతవరకు ఏం అడగలే. అడిగెతందుకు ఏమున్నది, ఆమె మంచిగనే చెప్తది.

గిప్పుడు రెండో బ్యాచ్‌కు పోయిన. గీడ కెమెరా పెట్టాలె. గంటసేపు కెమెరా బందు చేయొద్దు, అడగకుండ కుర్చీలకెల్లి లేవొద్దు, తెలుగు మాట రావొద్దు. ఏం అడిగినా ముందట యస్ మేడమ్ అని పూరా వాక్యంల జవాబు చెప్పాలె. మొదటి దినం భయమైంది, తర్వాత అలవాటైంది. దర్వాజ పక్కకే కుర్చీ ఏసుకుంట, సిగ్నల్ అక్కడనే మంచిగ వస్తది. ముందట స్టూలు మీద ట్యాబ్. కాలు చాపితె గడపకు తాకుతది.

మొన్న అఖిల కాలేజి మేడమ్ మళ్ల ఫోన్ చేసింది. నేనే మాట్లాడిన. మీది పోర్షన్ పిల్ల ఖాళీ చేసి పోయింది, ఉన్నా పిలవకపోదును. ఫోన్ పెట్టినంక వంటింట్ల నిలవడి ఒక్కదాన్నే నవ్విన.

గిది పదో తరగతిలనే వచ్చేదుండె. యాదికున్నదా నీకు? క్రషింగ్ సీజన్, చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ దాక లైన్ కట్టి రోడ్డంత జామ్. మనం ఇద్దరం ట్రాక్టర్ల సందులకెల్లి ఉరికినం. నువ్వు ముందట పోయి సప్పుడు గాకుండ బెంచి మీద కూసున్నవ్. నేను చెప్పు తెగి ఎనకవడ్డ. ఎందుకు ఆలిస్యమైందో ఇంగ్లీషుల చెప్పమన్నడు సార్, గంతే. నోరు రాలే. గంటసేపు నిలవడ్డ. షెడ్డంత నవ్వింది. తెల్లారి నుంచి నేను రాలే. మేనమామ ఎంత కొట్టినా రాలే. అప్పటి నుంచి ఇంగ్లీషు మాట ఇంటె నా కడుపుల తిప్పుతుండె. గిప్పుడు తిప్పుత లేదు, ఉదయా. గంతకంటె నాకేం కావాలె.

స్నేహ


బోధన్,
ఆగస్టు 5.

స్నేహా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. రెండుసార్లు రాసి చించాను. ఆ ట్రాక్టర్ల రోజు గురించి నీకు చెప్పాల్సింది ఒకటి ఉంది, ఇంకోసారి చెప్తాను.

అఖిల మేడమ్‌తో నువ్వే మాట్లాడావని మాస్టారికి చెప్పాను. తన షెడ్డులో రాని చదువు ఇంకోచోట వస్తే ఆయన కొంచెం చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నాను. "నేను ఆ పిల్లని నిలబెట్టకుండా ఉండాల్సింది" అన్నారు. ఆయన నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

మాకు ఇక్కడ నాట్లు అయిపోయాయి, వాన వదలడం లేదు. షెడ్డు రేకుల మీద చప్పుడుకి నా సగం చెవి కూడా పనిచేయడం లేదు. నువ్వు మటుకు మీ మేడమ్‌ని ఏదో ఒకటి అడుగు. చొక్కా ఎందుకు తిరగేశారనైనా సరే.

ఉదయ


నిజామాబాద్,
ఆగస్టు 19.

ఉదయలక్ష్మికి,

నేను మంచిగున్న. ఇంట్ల పని ఎక్కువున్నది. కొన్ని దినాలు కాగితం రాయొద్దు. హన్మవ్వను మా గల్లీకి రావొద్దని చెప్పు, కూరగాయలు అవసరం లేవు. నా గురించి ఎవ్వరిని అడగొద్దు, ఎవ్వరికి చెప్పొద్దు. ఈ కాగితం చించెయ్.

స్నేహలత


బోధన్,
ఆగస్టు 20.

స్నేహా,

ఇన్నేళ్ళలో నువ్వు నా పేరు పూర్తిగా రాయడం ఇదే మొదటిసారి. నేనేం తప్పు చేశాను?

హన్మవ్వ చూసిందంతా చెప్పింది. తలుపు జానెడు తెరిచి కాగితం దాని చేతిలో పెట్టి, వేలు నోటి మీద వేసుకున్నావట. తల దువ్వుకోలేదట. లోపలికి తిరిగి "యస్ సార్, యస్ సార్" అన్నావట. ఇంట్లో మగమనిషి ఎవరూ కనపడలేదంది. మీ మేడమ్ సార్ ఎప్పుడయ్యారే?

అఖిలకి ఏమైనా అయిందా? రామ్‌దాస్‌కా? వాళ్ళ నంబర్లు కూడా నా దగ్గర లేవు. మన మధ్య కాగితం తప్ప ఇంకోటి పెట్టుకోలేదు, ఇప్పుడది తలుచుకుంటే భయమేస్తోంది. హన్మవ్వని రావొద్దంటే ఊరుకుంటుందా, అదీ వస్తుంది. ఈ ఉత్తరం కొత్తిమీర కట్టలో ఉంటుంది. వెనక సందులోంచి నీ వంటింటి కిటికీలో పెట్టి పోతుంది. ఒక్క ముక్క రాసి అక్కడే పెట్టు.

ఉదయ


నిజామాబాద్,
ఆగస్టు 22.

ఉదయా,

పైన నాలుగు లైన్లు ఇంగ్లీషుల ఉంటయ్, అవి నీకు కావు. ఆయన కాగితం చూపించమంటె చూపిచ్చెతందుకు. కిందిది తెలుగు. ఆయనకు తెలుగు రాదనుకుంటున్న. వస్తదేమో తెల్వది. నేను స్టేట్‌మెంట్ రాస్తున్న అనుకుంటుండు. నా జిందగీ అంత రాయమన్నడు.

పద్నాలుగో తారీకు పొద్దున తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. మస్కట్‌కు రామ్‌దాస్ పేరు మీద పోయే పార్సిల్ పట్టుకున్నం, అండ్ల మత్తుమందు ఉన్నది అన్నరు. అంత ఇంగ్లీషుల. తర్వాత ట్యాబ్‌ల వీడియో పెట్టుమన్నరు. పోలీసు డ్రెస్సుల ఒక ఆఫీసర్, ఎనక జెండా, గోడకు బోర్డు. నా పేరు మీద కాగితం చూపిచ్చిండు, ముద్ర ఉన్నది. అరెస్టు అన్నడు, గని ఇంట్లనే ఉండాలన్నడు. కెమెరా బందు చేయొద్దు. అడగకుండ లేవొద్దు. ఎవ్వలతోని తెలుగుల మాట్లాడొద్దు. ఏం అడిగినా పూరా జవాబు చెప్పాలె.

ఇవన్నీ చెప్తుంటె నాకు కొత్తగ అనిపియ్యలే, ఉదయా. క్లాసుల లెక్కనే ఉన్నయ్. గందుకే కావచ్చు, ఎంటనే సరే సార్ అన్న. గంట గంటకు ఫోన్‌ల మెసేజ్ పెట్టాలె. ఐ యామ్ అట్ హోమ్ సార్, ఐ యామ్ అలోన్ సార్. ఎనిమిది దినాల నుంచి పెడుతున్న. పండుకున్నా ట్యాబ్ నా దిక్కే చూస్తుంటది. బాత్రూంకు పోవాలన్నా మే ఐ గో సార్ అనాలె, ఐదు నిమిషాలు ఇస్తడు. అండ్లనే వంటింటి కిటికీకాడికి ఉరికి నీ కాగితం తీసిన.

ఇంగ్లీషు రాకుంటె రాంగ్ నంబర్ అని పెట్టేద్దును. అన్నీ సమజైనయ్. గదే నా ఖర్మ. రెండో దినం, యువర్ ఇంగ్లీష్ ఈజ్ వెరీ గుడ్ మేడమ్ అన్నడు. చెప్పాలంటె సిగ్గయితది, అంత భయంలగూడ సంతోషమైంది. నా జిందగీల నన్ను గా మాట అన్నోడు ఆయన ఒక్కడే.

సవిత మేడమ్ రోజు మెసేజ్ పెడుతున్నది, ఎందుకొస్తలేరు అని. జవాబు ఇయ్యొద్దన్నడు. రామ్‌దాస్ ఫోన్ చేస్తె స్పీకర్ పెట్టి మంచిగున్న అని రెండు మాటలల్ల పెట్టెయ్యాలె. ఎవ్వలికన్న చెప్పిన్నంటె ఆయనను అక్కడనే జైల్ల ఏస్తరంట, ఆ దేశంల బయటకు రాడంట. ఆయన గొంతు ఇంటుంటె, గిదే ఆఖరుసారేమో అన్నట్టు ఇంటున్న.

మంగళవారం పదకొండింటికి బ్యాంకుకు పోయి, డిపాజిట్ ఎత్తి, ఆయన చెప్పిన ఖాతాల ఏయాలె. తనిఖీ చేసి వాపస్ ఇస్తరంట. ఇయ్యకున్నా మంచిదే. రామ్‌దాస్‌కు ఏం కావొద్దు. నువ్వు పోలీసులకు చెప్తె ఆయనకు తెలుస్తది. నా మీద ఒట్టు, చెప్పొద్దు.

స్నేహ


బోధన్,
ఆగస్టు 23.

స్నేహా,

ముందు నిజం చెప్తాను. నీ ఉత్తరం చదివి నేను కూడా భయపడ్డాను. కాగితం పొయ్యిలో పెడదామనుకున్నాను. నా పేరు కూడా అందులో ఉంటుందేమో, మా ఇంటికీ వస్తారేమో అనిపించింది. అలాంటి మనిషిని నేను.

తర్వాత స్టేషన్‌కి వెళ్ళాను. గేటు దగ్గర అరగంట నిలబడ్డాను. నువ్వు పెట్టిన ఒట్టు, రామ్‌దాస్ ముఖం, నా చెవులు. వాళ్ళు అడిగేది వినపడక ఏదో ఒకటి చెప్పి నిన్నింకా ఇరికిస్తానేమో అని తిరిగొచ్చేశాను. నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళి నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను.

ఆయన మండిపడ్డారు. ఫోనులో అరెస్టు ఏమిటి, పోలీసన్నవాడు గుమ్మం ముందుకొచ్చి నిలబడతాడు, వీడు దొంగ అన్నారు. పాతకాలం మనిషి, ఇప్పటి పద్ధతులు ఈయనకేం తెలుసు అని నాకూ ఓ మూల అనుమానమే. కానీ ఆయన ఇంకోమాట అడిగారు. "ఆ పిల్ల వాణ్ణి ఏమైనా అడిగిందా?" నీ ఉత్తరం మళ్ళీ చదివించుకున్నారు. వాడు నిన్ను అడిగినవీ, చెయ్యమన్నవీ ఉన్నాయి, నువ్వు వాణ్ణి అడిగింది ఒక్కటి లేదు. మా షెడ్డులో నిలబెట్టి పిల్లకి నోరు పోగొట్టింది నేనే అని తల పట్టుకుని కూర్చున్నారు.

వాణ్ణి ఒక్కటి అడుగు. నీ స్టేషన్ ఎక్కడ, నేనే వచ్చి నీ ఎదురుగా కూర్చుంటాను అని చెప్పు. నిజం పోలీసయితే రమ్మంటాడు. కాకపోతే తెలిసిపోతుంది. ఇంతే మాస్టారు చెప్పింది.

ఉదయ


నిజామాబాద్,
ఆగస్టు 25.

ఉదయా,

సార్ చెప్పింది కరెక్టే కావచ్చు. గని కాకపోతె? నా ఒక్క మాటకు రామ్‌దాస్ అక్కడ లోపటికి పోతె నేను బతుకుతనా?

అడుగుదామని నిన్న నోరు తెరిసిన. సార్ అన్న. యస్ అన్నడు. నా నోట్లకెల్లి థాంక్యూ సార్ అని వచ్చింది.

తర్వాత ఉన్నట్టుండి కాగితాలన్నీ కెమెరా ముందట పెట్టుమన్నడు. నీ కాగితం అన్నింటికి కిందుండె. ఒక్కొక్కటి తీసి చూపిస్తున్న. నీదొక్కటే మిగిలినప్పుడు ఆయనకు ఏదో ఫోన్ వచ్చి పక్కకు తిరిగిండు. దాన్ని నోట్ల పెట్టుకొని నమిలిన. అది నోట్ల ఉండంగనే యస్ సార్ అన్న.

రేపు పదకొండింటికి పోత. ఫోన్ చేతిసంచిల పెట్టుకొని, కాల్ బందు చేయకుండ పోవాలె. ఈ ఒక్క దినం అయిపోతె ఇడిసిపెడ్తరంట. ఇంక ఏం రాయకు. నువ్వు రాసిన కాగితం కిటికీల ఉన్నంతసేపు నాకు పానం పానంల ఉంటలేదు.

స్నేహ


నీ గుమ్మం బయట,
మంగళవారం, పదిన్నర.

స్నేహా,

తలుపు కొట్టను. గడపకి ఇవతల, నీ కాలి దగ్గరే కూర్చుని ఉన్నాను. హన్మవ్వ కూడా ఉంది. ఇంకో చీటీ తోస్తే, పెన్ను కింద పడేసి తీసుకో. నోటితో ఏమీ చెప్పకు, చెప్పినా నాకు వినపడదు. దీని వెనకే రాసి కాలితో తొయ్యి.

ఉదయ


గుమ్మం లోపట.

ఎందుకొచ్చినవ్. చూస్తడు. బ్యాంకుకు పోయే టైమైతుంది, చీర మార్చుకోమన్నడు. నీ కాళ్లు మొక్కుత, పో.


గుమ్మం బయట.

పోను. ఇరవై ఏడేళ్ళ కింద నువ్వు షెడ్డులో నిలబడ్డ రోజు నీ కోసం ఒక చీటీ రాశాను. నీ చేతికి జానెడు దూరం. మాస్టారు నా వైపే చూస్తున్నారని ఇవ్వలేదు. పిడికిట్లోనే చెమటకి తడిసి ముద్దయింది. నువ్వు చదువు మానేశావు, నేను ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఇన్ని ఉత్తరాలు రాశాను గానీ ఇది రాయడానికి చెయ్యి రాలేదు.

ఇవాళ ఇస్తున్నాను. చూసి చదువు, చాలు. "సార్, వేర్ ఈజ్ యువర్ స్టేషన్? ఐ విల్ కమ్ అండ్ సిట్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ యూ."


గుమ్మం లోపట.

నోరు వస్తలేదు ఉదయా.


గుమ్మం బయట.

తలుపు కింద నా వేళ్ళు పెట్టాను. కాలు ఆనించు. అడుగు.


నిజామాబాద్,
సెప్టెంబర్ 21.

ఉదయా,

నెల కావస్తుంది. ఆ దినం లోపట ఏమైందో నీకు ఇనవడలే. హన్మవ్వ దర్వాజకు చెవి పెట్టి ఇన్నదంట గని ఆమెకు ఇంగ్లీషు రాదు. నువ్వు వచ్చినప్పుడల్ల అడుగుతవేమో అని ఎదురుచూసిన, అడగలే నువ్వు. గందుకే రాస్తున్న.

నీ వేళ్ల మీద కాలు పెట్టిన. సల్లగ ఉండె, వానకు తడిసినయ్ కావచ్చు. చీటీ చూసి చదివిన. మొదటిసారి గొంతు ఎల్లలే. ఆయన వాట్, వాట్ అన్నడు. మళ్ల చదివిన. మొఖం మారింది ఆయనది. నీకు నీ మొగడు అవసరం లేదా అన్నడు. నేను నీ కాగితం దిక్కే చూసుకుంట మూడోసారి చదివిన. అప్పుడు ఒర్రిండు. పది పన్నెండు దినాల నుంచి ఎంత మర్యాదగ మాట్లాడిన మనిషి, ఆడమనిషిని అనరాని మాట అన్నడు, హిందీల. గా మాటతోని నాకు సగం భయం పోయింది. ఎనక జెండా అట్లనే ఉన్నది, గాలికి ఒక్కసారన్న కదలలేదని అప్పుడు చూసిన. వేర్ ఈజ్ యువర్ స్టేషన్ అని ఈసారి చీటీ చూడకుండ అడిగిన. బొమ్మ పోయింది.

నల్ల ట్యాబ్‌ల నా మొఖమే కనవడ్డది. నువ్వు బయట దర్వాజ బాదుతున్నవ్. ఎందుకు అంతసేపు తీయలేదో చెప్త. మే ఐ గో అవుట్ సార్ అన్న. ఎవ్వలు లేని ట్యాబ్‌ను అడిగిన. అడిగి, జవాబు కోసం కూసున్న. గో అంటడేమో అని చూసిన. గప్పుడు నా మీద నాకే ఎంత భయమైందో ఆయన మీద గూడ గంత కాలే.

తర్వాతది నీకు ఎరికే. టౌన్ స్టేషన్‌ల ఆ లేడీ కానిస్టేబుల్ నీళ్లిచ్చింది, కుర్చీల కూసోమన్నది, అడిగినయన్నీ తెలుగుల అడిగింది. రామ్‌దాస్‌కు ఆడికెల్లనే ఫోన్ చేస్తె, డ్యూటీల ఉండి, ఏ పార్సిల్ అన్నడు. ఆ ఒక్క మాటకు అంతమంది ముందట కూలవడి ఏడ్సిన.

సవిత మేడమ్‌కు అన్నీ చెప్పిన. పన్నెండు దినాలు రాకుంటె మా ఇంటి పత్తా ఎవ్వలనన్న అడగాల్సింది, మెసేజ్ పెట్టి ఊకున్న అని ఆమె గూడ ఏడ్సింది. ఆమె తప్పేమున్నది. ఆమె క్లాసు ఇడిసిపెట్టలే, కెమెరా మాత్రం పెడ్తలేను. ఆదివారం ఆదివారం సార్ షెడ్డుకు వస్తున్న గదా, మూడో తరగతి పిల్లల పక్కన కూసుంటె కాళ్లు గిప్పటికి వణుకుతున్నయ్. అందరి లెక్కనే ఆఖరుకు నేను గూడ ప్రశ్న అడగాలె అంటడు సార్. మూడు ఆదివారాల నుంచి అడగలేక నిలవడే ఉంటున్న, సారే కూసో తల్లీ అంటుండు. గంట కొట్టంగనే నా చెయ్యి గిప్పటికి ఫోన్ మీదికి పోతది, ఐ యామ్ అట్ హోమ్ అని పెట్టెతందుకు.

ప్రశ్న అయితె ఉన్నది, సార్‌ను కాదు, నిన్ను అడుగుత. ఎందుకు ఆలిస్యమైందో చెప్పమంటె నాకు నోరు రాలే. నీకు తెలుసు, రాసి పెట్టుకున్నవ్. ఆ చీటీల జవాబు ఏం రాసినవ్?

స్నేహ


బోధన్,
సెప్టెంబర్ 23.

స్నేహా,

అందులో జవాబు లేదే. "నేనూ నీతోపాటే ఆలస్యంగా వచ్చాను, నేనూ లేచి నిలబడతాను" అని రాశాను. రాసి, కూర్చునే ఉన్నాను.

ఉదయ